కట్టే ఖర్చు సరే.. నిలబెట్టే ఖర్చు ఎంత?

బడిలో ఒక గది కట్టడానికి ఎంతవుతుంది? ఏ ఇంజినీరింగ్ ఆఫీసులో అడిగినా ఎస్టిమేట్ చూసి చెప్పేస్తారు. అదే గదిని ముప్ఫై ఏళ్లు వానకు కారకుండా, తలుపులు ఊడకుండా నిలబెట్టడానికి ఎంతవుతుందని అడగండి. చాలాచోట్ల మౌనమే సమాధానం. ఉద్యోగాల వేటలో ఉన్న మీరు ఈ రెండో ప్రశ్నకు లెక్క వేయడం నేర్చుకోవాలి. సివిల్ వాళ్లే కాదు, బీకాం, ఎంబీఏ వాళ్లు కూడా.

దీన్ని లైఫ్ సైకిల్ కాస్టింగ్ అంటారు. కొన్న ధరతో పాటు బిగింపు కూలి, రంగులు, రిపేర్లు, కరెంటు బిల్లు, పాడయ్యాక మళ్లీ కొనే ఖర్చు, చివరికి తీసి పారేసే ఖర్చు.. అన్నీ కలిపి చూడటమే ఇది. భవనాల కోసం ఐఎస్‌ఓ 15686-5 అనే అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. మన టెండర్లలో మాత్రం ఎక్కువగా నడిచేది ఎల్-వన్ పద్ధతి. అంటే అర్హత ఉన్నవాళ్లలో ఎవరు తక్కువకు కోట్ చేస్తే వాళ్లకే పని.

కట్టేది ఒకరు.. భరించేది ఇంకొకరు

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 'మన బడి నాడు-నేడు', తెలంగాణలో 2022లో 'మన ఊరు - మన బడి' మొదలయ్యాయి. మరుగుదొడ్లు, తాగునీరు, ప్రహరీలు, ఫర్నిచర్ అంటూ పెద్ద ఎత్తున పనులు చేపట్టారు. మంచిదే. మరి కట్టిన తర్వాత?

కట్టేటప్పుడు డబ్బు పథకం నుంచి వస్తుంది. తర్వాత రోజువారీ భారం హెడ్‌మాస్టర్ మీద పడుతుంది. సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం కాంపోజిట్ స్కూల్ గ్రాంట్ 30 మంది వరకు పిల్లలున్న బడికి ఏడాదికి రూ.10 వేలు, 100 మంది వరకు రూ.25 వేలు, 250 మంది వరకు రూ.50 వేలు. కరెంటు బిల్లు, చాక్‌పీసులు, రిపేర్లు అన్నీ అందులోంచే. ఇందులో కనీసం పది శాతం స్వచ్ఛతకు పెట్టాలి. సామాను ఎంపిక చేసిన వ్యక్తికి ఈ పది వేల ఇబ్బంది తెలియదు. ఇబ్బంది పడే హెడ్‌మాస్టర్‌ను ఎంపికప్పుడు ఎవరూ అడగరు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఒక తలుపు లెక్క

అర్థం కావడానికి ఊహా అంకెలతో చూద్దాం. మరుగుదొడ్డికి రెండు రకాల తలుపులున్నాయి. మొదటిది బిగింపుతో కలిపి రూ.5 వేలు, ఐదేళ్లు వస్తుంది. రెండోది రూ.10 వేలు, ఇరవై ఏళ్లు వస్తుంది. పదో ఏట రూ.2 వేల రిపేరు ఉంటుంది. ఇరవై ఏళ్లలో మొదటి రకం నాలుగుసార్లు కొనాలి, అంటే రూ.20 వేలు. రెండోది రూ.12 వేలతో సరి. ఖరీదైనదే చౌక!

ఇక్కడితో ఆగితే లెక్క సగమే. పదేళ్ల తర్వాత ఖర్చయ్యే రూపాయి, ఈరోజు ఖర్చయ్యే రూపాయి ఒకటి కాదు. బీకాంలో చదివే నెట్ ప్రెజెంట్ వాల్యూ ఇక్కడ పనికొస్తుంది. 8 శాతం రేటుతో నేటి విలువకు తెస్తే మొదటి తలుపు సుమారు రూ.12,300, రెండోది రూ.10,900. రూ.8 వేల తేడా కాస్తా రూ.1,400కు దిగింది. 12 శాతం రేటు వాడితే మొదటిది రూ.10,360, రెండోది రూ.10,640. ఫలితమే తారుమారైంది! ధరలు పెరగవనుకుని వేసిన లెక్క కాబట్టి, రేటులోంచి ధరల పెరుగుదలను తీసేసి వాడాలి. అందుకే 'ఖరీదైనది ఎప్పుడూ మేలు' అని గుడ్డిగా వాదించకండి. ఏ రేటు వాడారో, ఎందుకు వాడారో చెప్పగలగాలి.

పట్టికలో కనిపించని ఖర్చు

ఈ లెక్కలో ఒక అబద్ధం దాగి ఉంది. పాత తలుపు విరిగిన రోజే కొత్తది వచ్చేస్తుందని అనుకున్నాం. సర్కారు బడిలో అలా జరుగుతుందా? హెడ్‌మాస్టర్ లెటర్ రాయాలి, గ్రాంటు రావాలి, పని చేసేవాళ్లు దొరకాలి. ఆ నెలలన్నీ ఆడపిల్లలు ఏం చేస్తారు? నీళ్లు తాగడం మానేసి సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుంటారు. నెలసరి రోజుల్లో బడికే రారు. ఈ నష్టానికి ఎక్సెల్‌లో కాలమ్ ఉండదు.

అందుకే నా అభిప్రాయం ఒకటే. రిపేరు డబ్బు ఎక్కడ తక్కువగా, ఆలస్యంగా వస్తుందో అక్కడ రిపేరు తక్కువ అడిగే సామానే వాడాలి. అడిగినా ఊళ్లో వడ్రంగో, వెల్డరో, ప్లంబరో చేయగలిగేలా ఉండాలి. స్పేర్ పార్టు కోసం సిటీకి పరుగెత్తించే సెన్సర్ కుళాయి ఎంత నాణ్యమైనదైనా పల్లెబడికి అక్కర్లేదు.

'ఒక బడిపై ఎక్కువ పెడితే ఇంకో ఊరికి గది తగ్గుతుంది కదా' అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అన్నిచోట్లా ఎక్కువ పెట్టమని కాదు. ముందుగా పాడయ్యే చోట, అంటే కప్పు, మరుగుదొడ్డి, నీళ్ల పైపుల దగ్గర పెట్టండి. గేటు ఆర్చీ, ముందువైపు ఎలివేషన్ హంగుల్లో మిగుల్చుకోండి.

ఇంగ్లండ్ నేర్పిన పాఠం

ధనిక దేశాలకూ ఈ తిప్పలు తప్పలేదు. 2023 ఆగస్టు 31న, వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచే వేళ, ఇంగ్లండ్‌లో వందకు పైగా విద్యాసంస్థల్లో ప్రమాదకరమైన గదులు, భవనాలు మూసేయమని ప్రభుత్వం చెప్పింది. కారణం 'రాక్' అనే తేలికపాటి కాంక్రీటు పలకలు. చౌక, తేలిక, త్వరగా బిగించొచ్చని 1950ల నుంచి 1990ల దాకా కప్పులకు వాడారు. వాటి ఆయుష్షు దాదాపు 30 ఏళ్లని చెబుతారు. ఆ గడువు దాటినా చాలాచోట్ల అవి అలాగే ఉండిపోయాయి. 2018లో కెంట్‌లో ఒక ప్రాథమిక పాఠశాల కప్పు కూలింది. వారాంతం కాబట్టి పిల్లలు లేరు. మన దగ్గర గోడలకు వాడే ఏఏసీ ఇటుకలు చూసి కంగారు పడకండి. అక్కడ గొడవంతా కప్పుకు వాడిన పలకలతోనే.

ఊరిని బట్టి సామాను

ఒకే సామాను అన్ని ఊళ్లకూ సరిపోదు. ఐఎస్ 456:2000 ప్రకారం సాధారణ వాతావరణంలో కాంక్రీటు కడ్డీలపై 20 మి.మీ. కవర్ చాలు. సముద్రతీర వాతావరణానికి నేరుగా గురయ్యే చోట 45 మి.మీ. ఉండాలి. మచిలీపట్నంలో కవర్ దగ్గర కక్కుర్తి పడితే ఉప్పుగాలికి కడ్డీ తుప్పు పట్టి, పెచ్చులు పిల్లల మీద రాలతాయి. అలాగే తాండూరు చుట్టుపక్కల బడికి టైల్స్ రాసే ముందు పక్కనే దొరికే బండలతో పోల్చి చూడాలి. పదేళ్ల తర్వాత ఒక టైలు పగిలితే అదే డిజైన్ దొరకడం కష్టం.

మీరు ఏం చేయాలి?

ఈ వారాంతం మీ ఊరి బడికి వెళ్లండి. అయిదేళ్లలో ఏవి పాడయ్యాయి, ఎంత ఖర్చయింది, ఎన్నాళ్లు అలాగే ఉన్నాయి అని హెడ్‌మాస్టర్‌ను, ఆయమ్మను అడిగి రాసుకోండి. మీ రాష్ట్ర ఎస్ఎస్ఆర్ రేట్లు చూసి, రెండు మూడు ప్రత్యామ్నాయాలకు ఇరవై ఏళ్ల లెక్క ఎక్సెల్‌లో వేయండి. జూనియర్ ఇంజినీరు పోస్టుకు చదువుతున్నా, కాంట్రాక్టు కంపెనీలో, ఫెసిలిటీ మేనేజ్‌మెంట్‌లో, ఆడిట్ విభాగంలో ఉద్యోగం చూస్తున్నా ఆ ఒక్క పేజీ రెజ్యూమెలో పది కోర్సుల పేర్ల కన్నా ఎక్కువ మాట్లాడుతుంది. ఒక కాపీ హెడ్‌మాస్టర్‌కూ ఇచ్చి రండి. వచ్చేసారి రిపేరుకు డబ్బు అడిగేటప్పుడు ఆయన చేతిలో ఒక ఆధారం ఉంటుంది.