ఉప్పు సంగతి సరే, గాలి సంగతేంటి?

మన చుట్టుపక్కల ఎవరికైనా బీపీ ఉందని తేలితే వాళ్ళకి వచ్చే సలహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఉప్పు తగ్గించండి. ఊరగాయ మానండి. రోజూ నడవండి. టెన్షన్ పెట్టుకోకండి. ఆడవాళ్ళయితే ఇంకోటి కూడా కలుస్తుంది: ఆ కోపం కాస్త తగ్గించుకో తల్లీ. ఇవి తప్పు సలహాలని నేను అనను. ఉప్పుకీ బీపీకీ సంబంధం ఉందని అందరికీ తెలిసిందే. కానీ ఈ సలహాలన్నీ వరుసగా పెట్టి చూడండి. అన్నీ ఆ మనిషి చేసే పనుల గురించే ఉంటాయి. ఆమె తినేది, ఆమె ఆలోచించేది, ఆమె అరిచేది. ఆమె రోజంతా ఎక్కడ ఉంటోంది, ఏ గాలి పీలుస్తోంది అని అడిగేవాళ్ళు కనపడరు. ఆ ప్రశ్న కూడా అడగాలని నా అభిప్రాయం. ముఖ్యంగా మన ఆనేకల్‌లో అడగాలి.

ఎందుకంటే మనది రాళ్ళ సీమ. ఊరి పేరులోనే ‘కల్’ ఉంది. కన్నడంలో కల్లు అంటే రాయి (తెలుగులో కల్లు అంటే ఏమిటో మీకు తెలుసు, నవ్వకండి). తాలూకాలో క్వారీలున్నాయి, జల్లి క్రషర్లున్నాయి, జిగణి వైపు గ్రానైటు కోసి పాలిష్ పట్టే యూనిట్లున్నాయి. జిగణి, బొమ్మసంద్ర, అత్తిబెలె పారిశ్రామిక ప్రాంతాలకి వచ్చీపోయే లారీలకి రాత్రీ పగలూ తేడా లేదు. మెట్రో పసుపు లైను 2025 ఆగస్టులో బొమ్మసంద్ర దాకా వచ్చేసింది. సంతోషమే. అయితే అది కట్టినన్ని సంవత్సరాలూ హోసూరు రోడ్డు పక్కన ఉన్నవాళ్ళు దుమ్ము తిన్నారు. ఇప్పుడు ఏ వైపు చూసినా కొత్త లేఅవుట్లు, సగం కట్టిన ఇళ్ళు. వీటికి తోడు పొద్దున్నే వీధి చివర చెత్తకి నిప్పు పెట్టే అలవాటు ఉండనే ఉంది.

ఇక్కడ ఒక చిన్న సైన్సు విషయం. భయపడకండి, నేనూ ఆర్ట్స్ అమ్మాయినే. దుమ్ము అంతా ఒకటి కాదు. మనం చీపురుతో ఊడ్చే ఎర్రమట్టి దుమ్ములో పెద్ద రేణువులు ఎక్కువ. అవి చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. తుమ్ముతాం, దగ్గుతాం, బయటికి పోతాయి. పది మైక్రాన్లు, అంతకన్నా చిన్నగా ఉన్న రేణువుల్ని పీఎం 10 అంటారు. అందులోనూ రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి పీఎం 2.5. మన తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుందంటే, ఇవెంత చిన్నవో ఊహించుకోండి. ఇవి ఎక్కువగా డీజిలు పొగ, కట్టెల పొగ, చెత్త మంట, ఫ్యాక్టరీ పొగల నుంచి వస్తాయి. కంటికి విడిగా కనపడవు. ఊపిరితిత్తుల్లో గాలితిత్తుల చివరిదాకా వెళ్ళి కూర్చుంటాయి. కాబట్టి చీర మీద పడ్డ దుమ్ము చూసి భయపడి, ఆటో వెనక నిలబడి పొగ పీలుస్తూ ఏమీ కాదనుకుంటే లెక్క తప్పినట్టే.

ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన రేణువుకి బీపీతో ఏం పని? డాక్టర్లు చెప్పే దారులు ముఖ్యంగా మూడు. ఒకటి, ఆ రేణువులు ఊపిరితిత్తుల్లోని నరాలని రెచ్చగొడతాయి. ప్రమాదం వచ్చినప్పుడు గుండె దడదడలాడించే నాడీవ్యవస్థ ఉంటుంది కదా, అది మేలుకుంటుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఇది కొద్ది గంటల్లోనే జరగొచ్చు. రెండోది, ఊపిరితిత్తుల్లో మొదలైన వాపు రక్తంలోకి కూడా పాకుతుంది. మూడోది, రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. నాళాలని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది. రోజులు, సంవత్సరాలు గడిచేకొద్దీ నాళాలు గట్టిపడతాయి. సన్నబడ్డ గొట్టంలోంచి అంతే నీళ్ళు పంపాలంటే మోటారు ఎక్కువ కష్టపడాలి. గుండెకీ అదే గతి.

ఇదంతా ఎక్కడో ఢిల్లీ వాళ్ళ సమస్య అనుకునేవాళ్ళకి ఒక తెలుగు ఊళ్ళ కథ చెప్తాను. హైదరాబాద్ పక్కన కొన్ని పల్లెలు ఉన్నాయి. 1987 నుంచి 1990 దాకా అక్కడ గర్భిణులకీ చిన్నపిల్లలకీ అదనపు ఆహారం ఇస్తే ఏమవుతుందో చూశారు. ఆ పిల్లలు పెద్దయ్యాక కూడా వాళ్ళనీ వాళ్ళ కుటుంబాలనీ పరిశోధకులు గమనిస్తూ వచ్చారు. ఆ పల్లెల్లోనే గాలికీ గుండెకీ ఉన్న సంబంధం గురించి బార్సిలోనాలోని ఐఎస్‌గ్లోబల్ సంస్థ, మన దేశ పరిశోధకులు కలిసి పని చేశారు. 28 పల్లెలు, 5531 మంది పెద్దవాళ్ళు. ఫలితాలు 2019లో వచ్చాయి. ఇంటి దగ్గర గాలిలో పీఎం 2.5 ఘనపు మీటరుకి ఒక్క మైక్రోగ్రాము ఎక్కువ ఉన్నచోట, ఆడవాళ్ళ బీపీలో పై సంఖ్య సగటున 1.4 ఎక్కువగా కనిపించింది. మగవాళ్ళలో కూడా కొంత పెరుగుదల కనిపించింది గానీ, లెక్కల్లో అంత గట్టిగా నిలబడలేదు.

ఆడవాళ్ళలో ఎందుకు ఎక్కువ? నా ఊహ ఒకటి చెప్తాను, ఊహగానే తీసుకోండి. మగవాళ్ళు పనికోసం ఊరు దాటి వెళ్తారు, రకరకాల గాలి పీలుస్తారు. ఆడవాళ్ళు ఎక్కువసేపు ఇంటి దగ్గర, ఊరి దగ్గర ఉంటారు. ఊరి గాలే వాళ్ళ గాలి. ఆ గాలి ఎలా ఉంటే వాళ్ళ రక్తం అలా ఉంటుంది.

ఈ అధ్యయనంలో నన్ను ఆపేసిన అంకె ఇంకొకటి ఉంది. ఆ పల్లెల గాలిలో పీఎం 2.5 సగటు దాదాపు 33. అన్నిటికన్నా ఎక్కువ ఉన్నచోట కూడా 38. మన దేశంలో 2009లో పెట్టిన ప్రమాణం ప్రకారం సంవత్సరపు సగటు 40 దాకా ఉండొచ్చు. అంటే ఆ ఊళ్ళన్నీ చట్టం ప్రకారం మంచి గాలి ఉన్న ఊళ్ళే! ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2021లో ఆ హద్దుని 5కి దించింది. 5కీ 40కీ మధ్య ఎంత దూరమో చూడండి. ‘పరిమితికి లోపలే ఉంది’ అన్న మాట విని మనం నిశ్చింతగా ఉండటానికి లేదని నాకు అప్పుడు అర్థమైంది.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, వాటిని దాటేసి వెళ్ళడం న్యాయం కాదు. మొదటిది: ఒక సమయంలో కొలిచి చూసిన అధ్యయనం సంబంధాన్ని చూపిస్తుంది, కారణాన్ని రుజువు చెయ్యదు. నిజమే. అందుకే ఇంకోరకం ప్రయోగాలు కూడా చూడాలి. 2009లో వచ్చిన ఒక చిన్న ప్రయోగంలో, ఆరోగ్యంగా ఉన్న 15 మందిని బీజింగ్ నగరం మధ్యలో రెండు గంటలు నడిపించారు. ఒకరోజు మంచి మాస్కుతో, ఒకరోజు మాస్కు లేకుండా. మాస్కు లేని రోజు పై బీపీ సగటు 121, మాస్కు ఉన్న రోజు 114. అదే మనుషులు, అదే ఊరు, మారింది పీల్చే గాలి ఒక్కటే. పదిహేను మందితో లోకమంతా తేల్చెయ్యలేం గానీ, దారి ఎటుందో తెలుస్తుంది.

రెండో వాదన: ఉప్పు, బరువు, వంశం, వీటి ముందు దుమ్ము ఎంత? ఒక మనిషి వరకు చూస్తే ఇది సరైన మాటే కావచ్చు. కానీ ఉప్పు ఒక్కో ఇంట్లో ఒక్కోలా తింటారు. గాలి ఊరంతటికీ ఒకటే. ఒక్కొక్కరికి రెండు మూడు పాయింట్లు పెరిగినా, ఊరు మొత్తం మీద చూస్తే మందుబిళ్ళల గీత దాటేవాళ్ళు చాలామందే తేలతారు. ఇంకో తేడా కూడా ఉంది. ఉప్పుడబ్బా మన చేతిలో ఉంటుంది.

ఈ తేడా నాకు మా పెద్దమ్మ దగ్గర తెలిసింది. ఆమె రోడ్డు పక్కన పూలు అమ్ముతుంది, పదిహేనేళ్ళుగా అదే చోటు. పీట మీద కూర్చుంటే ఆమె ముఖం బస్సు పొగగొట్టానికి సమానమైన ఎత్తులో ఉంటుంది. పూల మీద మాత్రం తడిగుడ్డ కప్పి ఉంచుతుంది, దుమ్ము పడితే ఎవరూ కొనరని. రెండేళ్ళ కిందట ఒక ఉచిత శిబిరంలో చూపించుకుంటే బీపీ అన్నారు. ఉప్పు, కోపం, రెండూ తగ్గించుకోమన్నారు. ఆమె ఏం పని చేస్తుందని అడగలేదు. పెద్దమ్మ బీపీ దుమ్ము వల్లే వచ్చిందని నేను చెప్పలేను. మా తాతకీ ఉండేది, వంశంలోనే ఉంది. కానీ ఆమె నాతో అన్న మాటకి నా దగ్గర జవాబు లేదు: “ఉప్పు మానేసినా, ఊరగాయ మానేసినా. రోడ్డుని ఎట్ల మానేదే?”

మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది కన్నడం. ఒకే జబ్బుకి రెండు పేర్లు వింటూ పెరిగాను. తెలుగులో రక్తపోటు. ఆటుపోట్లలో ఉన్న పోటే ఇది, సముద్రం పొంగడం. కన్నడంలో రక్తదొత్తడ. ఒత్తడ అంటే ఒత్తిడి. తెలుగు మాట వింటే లోపల ఏదో తనంతట తాను పొంగుతున్నట్టు ఉంటుంది. కన్నడ మాట వింటే బయటినుంచి ఎవరో ఒత్తుతున్నట్టు ఉంటుంది. మన సలహాలన్నీ తెలుగు మాటకి సరిపోయేవి: నీ పొంగు నువ్వే తగ్గించుకో. కన్నడ మాట అడిగే ప్రశ్న వేరు: ఒత్తేది ఎవరు? బీపీ విషయంలో ఈ రెండు ప్రశ్నలూ కావాలి.

అలాగని ఎవరి మీదో దుమ్మెత్తిపోయడానికి నేనిది రాయడం లేదు. క్వారీలో, క్రషర్ దగ్గర పని చేసేవాళ్ళు మనకన్నా ఎక్కువ దుమ్ము మింగుతున్నారు, వాళ్ళకి అది కూడు. మనం ఎక్కే బస్సు, మనం కట్టుకునే ఇల్లు, పొగలో దుమ్ములో మన వాటా కూడా ఉంది. కానీ జల్లి లారీ మీద టార్పాలిన్ కప్పమనడం, క్రషర్ దగ్గర, కొత్త కట్టడాల దగ్గర నీళ్ళు చల్లమనడం, చెత్త కాల్చొద్దనడం ఎవరి కూడూ తీసే కోరికలు కావు. గాలి కొలిచే కేంద్రం మన తాలూకాలో జిగణిలో ఉంది. ఆ లెక్క సమీర్ యాప్‌లో ఎవరైనా చూడొచ్చు. మనం సినిమా రేటింగులు చూసినంత శ్రద్ధగా వారానికి ఒకసారి అదీ చూద్దాం.

ఇంట్లో చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. పొడిగా ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవడం, కట్టెల పొయ్యి ఉంటే పొగ బయటికి పోయే దారి చూడటం, రోడ్డు పక్కన ఎక్కువసేపు ఉండేవాళ్ళకి గుడ్డ మాస్కు బదులు ఎన్95 కొనివ్వడం. బీపీ బిళ్ళలు వేసుకుంటున్నవాళ్ళు ఈ వ్యాసం చదివి వాటిని ఆపొద్దు, ఉప్పు మళ్ళీ పెంచొద్దు. గాలి సంగతి వాటికి అదనంగా చూడాలి, వాటి బదులుగా కాదు.

‘ఇది సైన్సు వాళ్ళు రాయాల్సింది, తెలుగు గోడపత్రికకి ఎందుకు?’ అని ఇప్పటికే ఒక స్నేహితురాలు అడిగింది. శిబిరాల్లో ఇచ్చే కాగితాలు ఒకసారి చూడండి. చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి. మా పెద్దమ్మలాంటి వాళ్ళు దాన్ని మడిచి బొడ్డులో దోపుకుంటారు, అంతే. ప్రశ్న ఏ భాషలో ఉంటే జవాబు చెప్పగలిగేవాళ్ళు ఎవరో అది తేలుస్తుంది.

అందుకే మన విభాగానికి నాదొక సూచన. మన కాలేజీలో ఈసారి ఆరోగ్య శిబిరం పెట్టినప్పుడు, బీపీ చూసే బల్ల దగ్గర ఇచ్చే చీటీలో మూడు ప్రశ్నలు చేర్చమని అడుగుదాం. మీరు రోజుకి ఎన్ని గంటలు రోడ్డు దగ్గర గానీ, దుమ్ము లేచే పని దగ్గర గానీ ఉంటారు? వంట దేని మీద చేస్తారు? మీ వీధిలో చెత్త కాలుస్తారా? తెలుగులో మనం రాద్దాం, కన్నడంలో కన్నడ విభాగం అమ్మాయిలు రాస్తారు. బీపీ కొలవడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఈ మూడూ అడగడానికి ఇంకో నిమిషం. ఆ చీటీలు యాభై పోగైతే, మన ఊళ్ళో ఎవరు ఏ గాలిలో బతుకుతున్నారో మొదటిసారి మన చేతిరాతలో ఉంటుంది.

బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని