థ్రిల్లర్, యాక్షన్ సినిమాలు తీసేవారికి మామూలు ప్రేక్షకుల వినతిపత్రం

గౌరవనీయులైన తెలుగు సినిమా నిర్మాతలు, దర్శకులు, రచయితలు, ఫైట్ మాస్టర్లు, థియేటర్ యజమానులకు,

విషయం: థ్రిల్లర్, యాక్షన్ సినిమాల గురించి అప్పుడప్పుడు సినిమా చూసే కుటుంబాల విన్నపాలు.



మేము ఏ హీరో అభిమాన సంఘంలోనూ లేం. సమీక్షలు రాయం. తొలిరోజు తొలి ఆట కోసం తెల్లవారుజామునే లేచి పరుగెత్తం. పెంచిన టికెట్ ధరలు తగ్గాక, రెండో వారంలో ఏ ఆదివారమో పిల్లల పరీక్షలూ ఇంటి ఖర్చులూ చూసుకుని వచ్చేవాళ్లం. మాలో నర్సులున్నారు, లైన్‌మెన్ ఉన్నారు, బడి పంతుళ్లున్నారు, లారీ డ్రైవర్లున్నారు, కోర్టు గుమాస్తాలున్నారు. మా అభిప్రాయం ఎవరూ అడగరు. సినిమా నచ్చకపోతే ఊరుకుంటాం, తర్వాతి సినిమాకు రావడం మానేస్తాం. ఎందుకు మానేస్తున్నామో మీకు తెలియాలని ఈ పత్రం రాస్తున్నాం.

థ్రిల్లరంటే మాకు గిట్టదని అనుకోవద్దు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌నీ, మధుబాబు గారి షాడోనీ అద్దెకు తెచ్చుకుని రాత్రికి రాత్రే చదివేసి పొద్దున్నే తిరిగి ఇచ్చేసినవాళ్లు మాలో ఉన్నారు. వంశీ గారి 'అన్వేషణ' (1985) చూసి వచ్చాక పెరట్లో ఆకు కదిలినా ఉలిక్కిపడ్డవాళ్లున్నారు. 'క్షణక్షణం' (1991)లో శ్రీదేవి, వెంకటేశ్ అడవిలో పడి పారిపోతుంటే నవ్వుతూనే భయపడ్డాం. 'ఐతే' (2003)లో పేరున్న హీరో లేడు, పనీపాటా లేని నలుగురు కుర్రాళ్లున్నారు. అయినా మధ్యలో ఒక్కరమూ లేవలేదు. 'అనుకోకుండా ఒక రోజు' (2005)లో ఒక అమ్మాయి జీవితంలోంచి ఒక రోజు మాయమైపోతే, ఆ రోజు ఏం జరిగిందో తెలుసుకోవాలన్న ఆత్రం ఆమెతోపాటు మాకూ పట్టుకుంది. 'క్షణం', 'ఎవరు', 'మత్తు వదలరా' లాంటివి పక్కింటివాళ్లు చెబితే వెళ్లి చూసి, మేం ఎదురింటివాళ్లకు చెప్పినవే. పెద్ద పోస్టర్లు చూసి వెళ్లినవి కావు.

వీటన్నిటికన్నా మాకు దగ్గరైనది 'దృశ్యం'. మలయాళంలో జీతూ జోసెఫ్ గారు 2013లో తీసిన కథ, మరుసటి ఏడాది శ్రీప్రియ గారి దర్శకత్వంలో తెలుగులోకి వచ్చింది. అందులో హీరో గూండాలను గాల్లోకి ఎగరేయడు. కేబుల్ టీవీ నడుపుకునే మనిషి, నాలుగో తరగతి చదువు, రాత్రుళ్లు సినిమాలు చూసే పిచ్చి. ఆ రాంబాబు మాలాంటి ప్రేక్షకుడే. పోలీసులు ఆయన చిన్నకూతురిని కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తుంటే, ఆ పిల్ల ఏ మాట జారుతుందోనని హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ సన్నివేశానికి ఎంత ఖర్చయి ఉంటుంది? ఒక గది, కొందరు మనుషులు, బాగా రాసిన మాటలు. మా విన్నపాల్లో అసలైనది ఇదే. మమ్మల్ని భయపెట్టండి, కానీ ఆ భయం కథలోంచి రావాలి. తెగిపడ్డ తలలు, చిమ్మే రక్తం, చెవులు పగిలే మోత ఆ పని చేయలేవు. మొదటి తల తెగితే ఒళ్లు జలదరిస్తుంది. పదో తలకు మేం ఫోన్‌లో టైమెంతయిందో చూసుకుంటాం.

యాక్షన్‌కూ ఇదే వర్తిస్తుంది. 1989లో 'శివ' చూసినవాళ్లకు ఇప్పటికీ ఆ సైకిల్ చైన్ గుర్తుంది. అంతకుముందు కాలేజీలో ఆ కుర్రాడు ఎంత ఓర్చుకున్నాడో చూశాం కాబట్టే చైన్ చేతికొచ్చేసరికి చప్పట్లు కొట్టాం. ఆ దెబ్బకు తర్వాత అతని ఇల్లు ఎంత మూల్యం చెల్లించిందో కూడా రామ్‌గోపాల్ వర్మ గారు దాచలేదు. 2019లో తమిళం నుంచి వచ్చిన 'ఖైదీ'లో పాటల్లేవు, హీరోయిన్ లేదు, కథంతా ఒక్క రాత్రిలో అయిపోతుంది. అయినా ఒక తండ్రి ఎప్పుడూ చూడని తన కూతురిని చూడటానికి వెళుతున్నాడన్న ఒక్క సంగతి వల్ల ప్రతి దెబ్బా మాకు తగిలింది. ఎందుకు కొడుతున్నాడో తెలియని హీరో వందమందిని కొట్టినా మాకు పట్టదు. దెబ్బ తిన్నవాడికి నొప్పి ఉండాలి, కొట్టినవాడికి అలసట ఉండాలి. ఇంతే అడుగుతున్నాం.

ఇక సర్టిఫికెట్ సంగతి. 2024లో వచ్చిన కొత్త నిబంధనలతో 'యూ/ఏ'ని 7, 13, 16 ఏళ్లంటూ మూడు రకాలు చేశారు. మంచి పనే. కానీ ఆ అంకె గోడమీది పోస్టర్‌లో మూలన, చీమ తలంత ఉంటోంది. ఎందుకు 16 ఇచ్చారో అక్కడ ఉండదు. అదే సినిమా ఓటీటీకి వస్తే 2021 ఐటీ నిబంధనల ప్రకారం హింస ఉందా, బూతు ఉందా, భయపెట్టే దృశ్యాలున్నాయా అన్నది మొదట్లోనే రాసి చూపిస్తారు. ఇంట్లో చూసేవాళ్లకు దొరికే ఆ సమాచారం డబ్బిచ్చి టికెట్ కొన్నవాళ్లకు ఎందుకు దొరకదు? పోస్టర్ మీద, బుకింగ్ కిటికీ దగ్గర హీరో పేరు కనబడేంత స్పష్టంగా ఆ వివరం తెలుగులో రాయండి. 'సలార్', 'యానిమల్', 'హిట్ 3' లాంటివి 'ఏ' సర్టిఫికెట్‌తోనే వచ్చాయి. నిర్మాతలు ఆ మాట దాచలేదు, అందుకు సంతోషం. కానీ 'ఏ' సినిమా ఆటకు చంటిపిల్లలతో వచ్చినవాళ్లను గేటు దగ్గర ఎవరూ ఆపకపోవడం మేం చూశాం. ఆ పిల్లలు చెవులు మూసుకుని తల్లి ఒళ్లో ముఖం దాచుకోవడం కూడా చూశాం. చట్టం పెద్దలకు మాత్రమే అంటే గేటు దగ్గర కూడా పెద్దలకు మాత్రమే అనాలి. దీన్ని థియేటర్ యజమానులు తమ బాధ్యతగా తీసుకోవాలి.

ఇంకొకటి, రచయితలకు. మీ కథలో ఏదో ఒక పని గురించి తప్పు రాస్తే, హాల్లో ఆ పని చేసేవాళ్లు ఒకరైనా ఉంటారని గుర్తుంచుకోండి. రుమాలు ముక్కుకు పెట్టగానే మనిషి పడిపోతే మాలోని నర్సులు నిట్టూరుస్తారు. క్లోరోఫాం అంత త్వరగా పనిచేయదు, నిమిషాలు పడుతుంది. సాయంత్రం రక్తపు మరక తీసి, తెల్లారేసరికి డీఎన్‌ఏ ఫలితం తెచ్చి హంతకుడి పేరు చెబితే ల్యాబ్‌లో పనిచేసే మా తమ్ముడు ఇంటికొచ్చేదాకా గొణుగుతూనే ఉంటాడు. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు చనిపోయిన సమయం నిమిషంతో సహా చెప్పేస్తాడు. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు నాలుగు మీటలు నొక్కి ఊరందరి ఫోన్లూ వినేస్తాడు. చార్మినార్ దగ్గర మొదలైన కారు మలుపు తిరగ్గానే ట్యాంక్‌బండ్ మీదికి వస్తుంది. పొట్టలో తూటా దిగినవాడు మర్నాడు క్లైమాక్స్ ఫైట్ చేస్తాడు. ఇవన్నీ చిన్న సంగతులని మీరు అనుకుంటారేమో. థ్రిల్లర్‌లో చిన్న సంగతే అసలు సంగతి. ఒక్క చోట నమ్మకం పోతే మిగతా కథంతా మాకు అబద్ధమే. 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' (2019) నెల్లూరులో, రైలు పట్టాల పక్కన దొరికే దిక్కులేని శవాల చుట్టూ తిరుగుతుంది. ఆ ఊరి యాస, ఆ ఊరి వీధులు ఉన్నాయి కాబట్టే మేం ఆ అబ్బాయి వెంట నడిచాం. ఒక ఆస్పత్రిలో నాలుగు రోజులు, ఒక పోలీస్ స్టేషన్‌లో నాలుగు రోజులు కూర్చుని కథ రాయండి. మాలో ఎవరినైనా అడగండి, ఆనందంగా చెబుతాం.

హంతకుడు ఎవరన్నది దాచండి, కానీ ఆధారాలు దాచవద్దు. గంటన్నర పాటు ఒక్కసారీ కనిపించని మనిషి చివరి పావుగంటలో ఊడిపడి, చిన్నప్పుడు తనకు జరిగిన అన్యాయాన్ని ఫ్లాష్‌బ్యాక్‌లో చెబితే మేం మోసపోయినట్టే. అందులోనూ ప్రతిసారీ మనసు బాగోలేనివాడే హంతకుడు కావడం చాలా బాధగా ఉంది. మా ఇళ్లలో మానసిక సమస్యకు మందులు వాడేవాళ్లున్నారు. వాళ్లు ఎవరినీ చంపరు. మాతోపాటే సినిమాకు వస్తారు.

ఆడవాళ్ల గురించి మరీ చెప్పాలి, ఈ పత్రం రాస్తున్నవాళ్లలో సగం మందిమి ఆడవాళ్లమే. కథ మొదలు కావాలంటే ఒక అమ్మాయి శవం దొరకాలి, హీరోకు కోపం రావాలంటే చెల్లెలికో భార్యకో ఘోరం జరగాలి అన్నది అలవాటైపోయింది. ఆ శవం మీద కెమెరా అంతసేపు తిరగనక్కరలేదు. ఆ అమ్మాయి బతికుండగా ఏం చదివింది, ఎవరితో కొట్లాడింది, ఏం తిన్నదన్నది ఒక్క సన్నివేశంలోనైనా చూపించండి. ఆడది యాక్షన్ చేస్తే జనం రారన్న మాట నిజం కాదు. 1990లో 'కర్తవ్యం'లో విజయశాంతి గారు పోలీసు బట్టల్లో వస్తే హాళ్లు ఊగిపోయాయి, ఆ పాత్రకు ఆవిడకు జాతీయ పురస్కారం కూడా వచ్చింది. మా అమ్మలు గుంపులుగా వెళ్లి చూసిన సినిమా అది.

ఇప్పుడు చెప్పబోయేది కొందరికి నచ్చకపోవచ్చు. పోలీసు హీరో నిందితుణ్ని గదిలో తలకిందులుగా వేలాడదీసి కొడితే, లేదా చివర్లో కాల్చి పారేస్తే, మాచేత చప్పట్లు కొట్టిస్తున్నారు. మాలో చాలామందిమి కొట్టాం కూడా. 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఒక యువతి హత్యాచార కేసులోని నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్‌కర్ కమిషన్ 2022లో ఏం తేల్చిందో చదవండి. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. బాధితురాలికి జరిగిన ఘోరానికి మా గుండె ఇప్పటికీ మండుతుంది. కానీ ఎవరు దోషో కోర్టు చెప్పకముందే తుపాకీ చెబితే న్యాయం అయిపోదు. ఆ తేడాను సినిమాలు ఏళ్ల తరబడి చెరిపేశాయని మేం నమ్ముతున్నాం. చట్టాన్ని పట్టుకుని కూడా ఉత్కంఠ పుట్టించవచ్చు. 'నాంది' (2021)లో అల్లరి నరేశ్ గారు చేయని నేరానికి జైల్లో మగ్గిన విచారణ ఖైదీ. తప్పుడు కేసు పెట్టినవాళ్లను శిక్షించడానికి అప్పటి ఐపీసీలో 211 సెక్షన్ ఒకటుండేదని మాలో చాలామందికి ఆ సినిమా వల్లే తెలిసింది. 2025లో వచ్చిన 'కోర్ట్'లో తుపాకీ పేలదు, వాదనలే ఉంటాయి. హాళ్లు నిండాయి. ఇలాంటి కథలు ఇంకా కావాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాం. 'పుష్ప 2' నడిచింది కదా అని అందరూ మూడు గంటల ఇరవై నిమిషాలు తీయవద్దు, థ్రిల్లర్‌కు రెండుంపావు గంటలు చాలు. కథ సగంలో ఆగి రెండో భాగానికి వెళ్లేట్టయితే టికెట్ కొనకముందే ఆ మాట పోస్టర్ మీద ఉండాలి. 'బాహుబలి'లో కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నకు జవాబు కోసం 2015 నుంచి 2017 దాకా ఆనందంగానే ఆగాం, అన్నిటికీ ఆగలేం. ట్రైలర్‌లో మలుపులన్నీ చూపించేయవద్దు. హాల్లో మోత తగ్గించండి, ముసలివాళ్లు గుండె పట్టుకుని కూర్చుంటున్నారు.

చివరి విన్నపం ఫైటర్ల కోసం. మేం చప్పట్లు కొట్టే ప్రతి దూకుడు వెనుక ఎవరో ఒకరు నిజంగా దూకి ఉంటారు. 2025 జూలైలో తమిళనాడులో ఒక సినిమా షూటింగ్‌లో కారు స్టంట్ చేస్తూ ఒక స్టంట్‌మ్యాన్ చనిపోయాడు. ఆ వార్త చూశాక తెరమీద కారు పల్టీ కొడితే మాకు ముందులా ఉత్సాహం రావడం లేదు. 'ఆర్‌ఆర్‌ఆర్', 'హనుమాన్' ఫైట్లకు జాతీయ పురస్కారాలొచ్చాయి, తెలుగువాళ్లుగా గర్వపడ్డాం. ఆ గౌరవం పల్టీలు కొట్టిన ప్రతి మనిషికీ అందాలి. షూటింగ్‌లో ఉన్నన్నాళ్లూ వాళ్లందరికీ బీమా ఉండాలి, సెట్ దగ్గర అంబులెన్స్ ఉండాలి, చివర్లో పేర్లు చదవడానికి వీలుగా నెమ్మదిగా పడాలి. గ్రాఫిక్స్‌తో చేయగలిగిన ప్రమాదానికి మనిషిని దించవద్దు. ఆ కాస్త తేడా మేం క్షమిస్తాం.

వీటిలో దేనికీ పెద్ద బడ్జెట్ అక్కరలేదు. సర్టిఫికెట్ వివరం రాయడం, గేటు దగ్గర పిల్లలను ఆపడం వచ్చే సినిమాతోనే మొదలుపెట్టవచ్చు. కథల సంగతి మీ చేతుల్లో ఉంది, దానికి సమయం పడుతుందని తెలుసు. మా ఈ కోరికలను మీ సంఘాల సమావేశాల్లో చర్చకు పెట్టి, ఏవి ఒప్పుకుంటారో, ఏవి ఒప్పుకోరో పత్రికల ద్వారా మాకు తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
ఏడాదికి నాలుగైదు సినిమాలు చూసే మామూలు ప్రేక్షకులు