తోక కూడా తలైతే గండభేరుండం

పోయిన సంక్రాంతికి మార్కాపురం వెళ్లేముందు మా ఇంట్లో ఒక చిన్న యుద్ధం జరిగింది. మా అమ్మాయికి స్కూల్లో ప్రాజెక్టు వర్కు ఇచ్చారు: ఒరిగామితో ఏదైనా అలంకరణ వస్తువు చేసుకురావాలి. ఇక చూస్కోండి. దాన్ని పడుకోబెట్టి, నేనూ మా ఆవిడా యూట్యూబు ముందు కూర్చుని, రాత్రి పన్నెండు దాకా ముప్ఫై రంగు కాగితాలు మడిచి, ఒకదాన్లో ఒకటి దూర్చి ఒక బంతి చేశాం. టీచరుగారు డైరీలో 'వెరీగుడ్' అని రాశారు. వెరీగుడ్ మా ఇద్దరికీ అన్నమాట. పిల్లకి ఒక్క మడత కూడా రాదు.

మాది పలకల ఊరు. పలక వదిలి నోటుపుస్తకంలోకి వచ్చామంటే పెద్దవాళ్లమైపోయినట్టే. ఆ పుస్తకం మధ్య పేజీలే మా ఒరిగామి, ఆ పేరు మాత్రం తెలీదు. పడవ, కత్తిపడవ, సిరాబుడ్డి, రాకెట్టు. కాగితం నలుచదరంగా కావాలంటే మూలని అవతలి అంచుకి మడిచి, మిగిలిన పట్టీని గోటితో గీకి, నాలుకతో తడిపి చింపేవాళ్లం. వానలు తక్కువ కాబట్టి మా పడవలు ఎక్కువగా నీళ్లతొట్లోనే తిరిగేవి.

ఇదంతా కాలక్షేపం అనుకునేవాళ్లకి ఒక మాట. 1893లో, మా ఊరు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, టి. సుందరరావు అనే ప్రభుత్వోద్యోగి మద్రాసులో 'జియోమెట్రిక్ ఎక్సర్‌సైజెస్ ఇన్ పేపర్ ఫోల్డింగ్' అని ఇంగ్లీషులో ఒక పుస్తకం వేశారు. స్కేలు, కంపాసు లేకుండా ఒట్టి మడతలతో సమబాహు త్రిభుజం, పంచభుజి లాంటివి ఎలా తేవచ్చో అందులో ఉంది. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ దాన్ని తన పుస్తకంలో ప్రస్తావించాడు. 1901లో అది అమెరికాలోనూ అచ్చయింది. మా లెక్కల మాస్టార్లలో ఒక్కరూ ఈయన పేరు చెప్పలేదు.

మన ఫీల్డుకి దగ్గరి మనిషి రాబర్ట్ లాంగ్. నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. 2001లో ఉద్యోగం మానేసి పూర్తిగా కాగితాల్లో పడ్డాడు. 'ట్రీమేకర్' అని ప్రోగ్రాం కూడా రాశాడు. దాని సూత్రం తేలిగ్గా చెప్పాలంటే, మనం చేసే జంతువు ఒక్కో కాలికీ, ఒక్కో కొమ్ముకీ కాగితంలో ఒక్కో వృత్తమంత జాగా కేటాయించాలి, ఆ వృత్తాలు ఒకదాని మీద ఒకటి పడకూడదు. జపాన్ ఆయన సతోషి కమియా ఒంటి మీద పొలుసులతో సహా డ్రాగన్ చేసింది ఒకే ఒక్క కాగితంతో, కత్తెర లేకుండా.

సరే, మళ్లీ సంక్రాంతికొద్దాం. ఊళ్లో పిల్లల ముందు గొప్పకి కొత్త ఒరిగామి కిట్టు తీసుకెళ్లి, అందరికీ కొంగ నేర్పించాను. మా అన్న కొడుకు ఆరో తరగతి. కొంగని అటూ ఇటూ తిప్పి, "చిన్నాయనా, రెండు తలకాయల పక్షి వస్తాదా ఇందులో?" అన్నాడు. గండభేరుండం! బెంగళూరులో కర్ణాటక ఆర్టీసీ బస్సు మీద చూశాడట.

నేను లెక్చరు మొదలుపెట్టాను. కొంగకి నాలుగు మొనలే ఉంటాయి నాయనా: మెడ, తోక, రెండు రెక్కలు. ఇంకో తలంటే ఐదో మొన కావాలి, దానికి మొదటి మడత నుంచే డిజైన్ మార్చాలి, చాలా కష్టం, వగైరా. వాడు మొత్తం విన్నాడు. "తోక ఎందుకు?" అని, తోక మొనని కూడా ముక్కులా వంచేశాడు. అంతే. అటొక తల, ఇటొక తల.

ఇన్నేళ్ల సర్వీసులో రిక్వైర్‌మెంట్లు పెంచుకుంటూ పోవడమే నేర్చుకున్న నేను నోరు మూసుకున్నాను.

అది చూసి మా అమ్మాయి కిట్టు పక్కన పెట్టి, నోటుపుస్తకం కాగితం చింపింది. ఐదు సార్లు చెడగొట్టింది. సాయం చెయ్యకుండా ఉండటానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. కాగితానికి కంట్రోల్ జెడ్ లేదు. తప్పు మడత విప్పినా గీత పోదు, దాన్ని పక్కన పెట్టుకునే సరైన మడత వెయ్యాలి. ఆరోసారి ఒక కుంటి పక్షి వచ్చింది. మేం చేసిన బంతి స్కూలు అల్మారాలో ఉంది, ఆ కుంటి పక్షి మా ఫ్రిజ్జు మీద ఉంది.

నేననేది ఒకటే. మడతపెట్టడాన్ని ఇంటికి పంపే అలంకరణ వస్తువుగా చూస్తే అది అమ్మానాన్నల హోంవర్కే అవుతుంది. అదే లెక్కల పీరియడ్లో, పాత నోటుపుస్తకం కాగితంతో, పిల్లల చేత్తో చేయిస్తే జామెట్రీ అవుతుంది. రంగు కాగితాలూ అక్కర్లేదు, కిట్లూ అక్కర్లేదు. మనలో చాలామంది సొంతూరి బడికి కంప్యూటర్లు కొనిస్తుంటాం. మంచిదే. ఈసారి వెళ్లినప్పుడు ఒక్క పీరియడు అడిగి, తలా ఒక కాగితం ఇచ్చి కూర్చుని చూడండి. మడతలు మాత్రం మీరు పెట్టకండి.

ఇంతకీ, మీకు కత్తిపడవ చెయ్యడం ఇంకా గుర్తుందా?