జనవరిలో కొలిచిన చోడవరం

ఊరి సంగతి తెలియాలంటే ఊరికి వెళ్లాల్సిన రోజులు పోయాయన్న మాట మానవ భూగోళశాస్త్రంలో గట్టిగానే వినిపిస్తోంది. సెల్‌ఫోన్ల ఆచూకీ ఉంది, రైలు టికెట్ల లెక్క ఉంది, యూపీఐ చెల్లింపులున్నాయి, రాత్రిపూట ఉపగ్రహానికి కనిపించే దీపాలున్నాయి. ఇక గడప గడపా తొక్కి ప్రశ్నావళి నింపడం దేనికంటారు. క్రిస్ ఆండర్సన్ 2008లోనే వైర్డ్ పత్రికలో సిద్ధాంతాలకు కాలం చెల్లిందని రాసేశాడు. డేటా పెద్దదైపోయిందన్నది నా అభ్యంతరం కాదు. బిగ్ డేటా అంటున్న దానిలో చాలా భాగం పరిశోధన కోసం పోగుచేసింది కాదు, వేరే పని మీద పోతున్న యంత్రం దారిలో రాల్చుకుంటూ వెళ్లిన ఆనవాళ్లు. ఆ ఆనవాళ్లను చదవాలంటే ఊరు ముందే తెలిసి ఉండాలి.

కరోనా కాలంలో గూగుల్ విడుదల చేసిన మొబిలిటీ రిపోర్టుల్నే చూడండి. జనం కదలికలు ఎంత తగ్గాయో చెప్పడానికి 2020 జనవరి 3 నుంచి ఫిబ్రవరి 6 వరకు ఐదు వారాలను మామూలు రోజులుగా తీసుకున్నారు. వారంలో ఒక్కో రోజుకీ మధ్యగతం కట్టారు కాబట్టి సంక్రాంతి రద్దీ చాలావరకు సర్దుకుపోయిందనే అనుకుందాం. మరి చెరకు మాటేమిటి? అప్పటికి విశాఖపట్నం జిల్లాలో ఉన్న చోడవరం చెరకు ఊరు. దాని చుట్టుపక్కల జనవరి, ఫిబ్రవరి అంటే కోతల కాలం. చెరకు నరకడం, బళ్లకెత్తడం, గానుగాడించడం, పెనంలో రసం కాచడం, పాకం దించి దిమ్మ కట్టడం, ఆ దిమ్మలు అనకాపల్లి మార్కెట్‌కు చేరడం. ఆ నెలల్లో ఊరు కాలు నిలవదు. ఆ హడావుడినే కొలబద్దగా పెట్టుకుంటే, ఏ రోగం లేని ఏడాదిలోనైనా జూన్‌లో కదలిక తగ్గినట్టే కనిపిస్తుంది. పైగా రిపోర్టులో ఉన్నవి ఆరే పెట్టెలు: దుకాణాలు, కిరాణా, పార్కులు, స్టేషన్లు, పని ప్రదేశాలు, ఇళ్లు. బెల్లం వండే పాక వీటిలో దేని కిందకొస్తుందో గానుగ దగ్గర నిలబడినవాడికి చెప్పడమే కష్టం, ఇక యంత్రం సంగతి సరేసరి. చివరికి అంకె అచ్చయ్యింది జిల్లా పేరు మీద. అప్పటి విశాఖపట్నం జిల్లా 11,161 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల్లో 42.9 లక్షల జనం. బీచ్‌రోడ్డూ, చోడవరం చెరకు తోటలూ, పాడేరు కొండలూ కలిసి ఒకే శాతమయ్యాయి.

ఫోన్లు పెరిగేకొద్దీ ఈ లోపాలు వాటంతటవే పోతాయని బదులిస్తారు. పోవు. లెక్కకు రానివాళ్లు ఎక్కడపడితే అక్కడ చెదురుమదురుగా లేరు, ఒక పక్కన గుంపుగా ఉన్నారు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము వాడుకునే సెల్‌ఫోన్ ఉన్న స్త్రీలు 48.9 శాతం, ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు 21 శాతం. గూగుల్ లెక్కకు ఫోన్ ఉంటే చాలేది కాదు, అందులో లొకేషన్ హిస్టరీ కూడా ఆన్ చేసి ఉండాల్సి వచ్చేది. మగవాడి జేబులో ఫోన్ బజారుకు వెళ్లినప్పుడు ఇంట్లో ఆమె చెరకు తోటకు వెళ్లిన సంగతి ఏ సర్వరుకూ చేరదు. అలాంటి ఫోన్లు పది రెట్లు పోగేస్తే తప్పు పది రెట్లు ధీమాగా కనిపిస్తుంది, అంతే. కోట్ల వెతుకులాటల మీద కట్టిన గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ 2012-13 సీజన్‌లో ఫ్లూతో డాక్టర్ల దగ్గరికి వెళ్లినవాళ్లను అసలుకు రెట్టింపుకు మించి చూపింది.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. జనగణన 2011 దగ్గరే ఆగిపోయింది, 2021లో జరగాల్సింది జరగలేదు. పాత లెక్కలు పట్టుకుని కూర్చోమంటారా అని. కూర్చోమనను. 2016-17 ఆర్థిక సర్వే అన్‌రిజర్వుడ్ రైలు టికెట్ల ఆధారంగా రాష్ట్రాల మధ్య వలసలు ఏటా సుమారు 90 లక్షలని అంచనా కట్టింది. జనగణనకు అందని కదలికను పట్టుకున్న మంచి పని అది. కానీ టికెట్ మీద స్టేషన్ పేరుంటుంది. వెళ్లినవాడు ఏ అప్పు తీర్చడానికి వెళ్లాడో, కౌలు భూమి ఎవరికి వదిలాడో, తిరిగొస్తాడో రాడో ఉండదు. వలస మీద మానవ భూగోళశాస్త్రం అడగాల్సిన ప్రశ్నలు సరిగ్గా అవే. యంత్రం తేల్చింది చాలనుకుంటే ఏమవుతుందో తెలంగాణ చూసింది. అక్కడ 2016 నుంచి కంప్యూటర్ లెక్క మీద ఆధారపడి రద్దు చేసిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డుల్ని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

అదే నెల 4న చోడవరం విశాఖపట్నం జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. జిల్లా పేరుతో వరసలు కట్టే ఏ పట్టికలోనైనా ఆ రోజు లక్షల జనం ఒకచోట మాయమై ఇంకోచోట తేలతారు. అది తెలియని అల్గారిథం దాన్ని వలస అనుకున్నా అనుకుంటుంది. కాబట్టి ఈ జిల్లాల మీద డేటాతో పరిశోధన చేసేవారికి ఒక విన్నపం. పటం గీసే ముందు ఒక్క కోతల కాలం చోడవరంలో ఉండండి. మీ లెక్కలోకి రాని ఇళ్లెన్నో నడిచి లెక్కపెట్టి, ఆ అంకెను పటం పక్కనే అచ్చువేయండి.