సీటు వచ్చిన తరువాతి పరీక్ష

వైద్యవిద్యలో ప్రవేశం సంపాదించడం ఒక పరీక్ష. వచ్చిన అవకాశాలలో దేనిని స్వీకరించాలో నిర్ణయించుకోవడం మరొక పరీక్ష. మొదటిదానికి మన విద్యార్థులు రెండేళ్లు రాత్రింబవళ్లు శ్రమిస్తారు. తెల్లవారకముందే పుస్తకాల సంచులతో దిల్‌సుఖ్‌నగర్ వీధులలో నడిచిపోయే పిల్లలను మన సరూర్‌నగర్ వాసులు నిత్యం చూస్తూనే ఉన్నారు. రెండవ పరీక్షకు మాత్రం ఎవరూ తర్ఫీదు ఇవ్వరు. అది ఒకటి రెండు రాత్రులలో, బంధువుల మాటల నడుమ, ఇంటి ముందుగదిలో ముగిసిపోతుంది. దానిని గూర్చి కొంత ముచ్చటించడమే మా ఉద్దేశం.

మన రాష్ట్రంలో కన్వీనర్ కోటా సీట్లను వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం భర్తీ చేస్తుంది. అభ్యర్థి తాను కోరుకొనే కళాశాలలను వరుసగా నమోదు చేయాలి. నీట్ ర్యాంకును, రిజర్వేషన్‌ను, ఆ వరుసను బట్టి ఒక సీటు కేటాయిస్తారు. యాజమాన్య కోటాకు ప్రకటన వేరు, అఖిల భారత కోటాకు కౌన్సెలింగు వేరు. కనుక ఒకే విద్యార్థి ముందుకు రెండు మూడు అవకాశాలు రావడం కద్దు. కాని తేల్చుకొనే గడువు కొద్ది రోజులే. నిజానికి సగం నిర్ణయం ఆ వరుస రాసిననాడే జరిగిపోతుంది. ఆ వరుసను ఎవరు రాస్తున్నారు? ఏ ఆలోచనతో రాస్తున్నారు? మా ప్రశ్న ఇదే.

కొంతకాలం క్రితం మా విద్యార్థిని ఒకామె తండ్రిగారితో కలిసి మా వద్దకు వచ్చింది. ఆమెకు పాలమూరు వైపు ఒక ప్రభుత్వ కళాశాలలో కన్వీనర్ సీటు వచ్చింది. నగరంలోనే ఒక ప్రైవేటు కళాశాలలో యాజమాన్య కోటా సీటు కూడా లభించే వీలు కనిపించింది. మొదటిదాని ట్యూషన్ ఫీజు ఏటా 10,000 రూపాయలు. రెండవదానికి ఏటా పది లక్షలకు పైమాటే. అయినను తండ్రిగారి మనసు రెండవదాని వైపే మొగ్గింది. "ఆడపిల్ల సార్, అంత దూరం ఎట్ల పంపేది? ఇల్లు అమ్మి అయినా కండ్ల ముందర చదివిస్తా" అన్నారు. ఆ మాటలోని వాత్సల్యానికి మేము కరిగిపోయిన మాట వాస్తవం. దాచనేల? మేము కూడా మొదట నగరమే మేలని తల ఊపాము. ఆ అమ్మాయి మాత్రం నేల చూపులు చూస్తూ, "నన్ను ఎవరూ అడగలేదు సార్" అన్నది. అంతవరకు మేము కూడా ఆమెను అడగలేదు.

ఆ ఒక్క మాట మమ్ము సిగ్గుపడజేసింది. తండ్రిగారు పండ్ల వ్యాపారి. గడ్డిఅన్నారం మార్కెట్టు 2021లో మూతపడి బాటసింగారానికి తరలిపోగా, ఆయన కూడా బేరాన్ని వెంటబెట్టుకొని అంత దూరం వెళ్లినవారే. "మార్కెట్టు ఎక్కడికి పోతే మీరు అక్కడికి పోయారు గదా, చదువు ఎక్కడ ఉంటే అమ్మాయి అక్కడికి పోవద్దా?" అని అడిగాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మూడవనాడు పెట్టె సర్దించి, తామే బస్సు ఎక్కించి వచ్చారు.

ఉస్మానియా, గాంధీ కళాశాలలలో సీటు వచ్చిన వారికి ఈ సంకటం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే అయిదవ స్టేషను పేరే ఉస్మానియా మెడికల్ కాలేజి. ఎం.జి.బి.ఎస్.లో మారితే గాంధీ ఆసుపత్రికి చేరవచ్చు. మొదటిదానికి మూలం 1846లో నెలకొన్న హైదరాబాదు వైద్య పాఠశాల. తొలినాళ్లలో అక్కడ వైద్యం ఉర్దూలో బోధించారన్నది మనకు గర్వకారణం. రెండవది 1954 నాటిది. కాని ఆ ర్యాంకులు అందుకొనేవారు కొందరే. 2022 నుండి వనపర్తి, నాగర్‌కర్నూలు, సంగారెడ్డి, జగిత్యాల మొదలైన జిల్లాలలో కొత్త ప్రభుత్వ కళాశాలలు ఏర్పడ్డాయి. మన పిల్లలలో పెక్కుమందికి ఎదురయ్యే ప్రశ్న ఇక్కడే పుడుతుంది: అప్పుతో ఇంటికి దగ్గరా, అప్పు లేక ఇంటికి దూరమా?

దూరపు కొండలు నునుపు అంటారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనీ అంటారు. ఈ రెండు సామెతలలో దేనినీ నమ్మి కళాశాలను ఎంచుకోరాదు. కొత్త కళాశాలలో బోధకుల కొరత ఉండవచ్చు, వసతిగృహం సరిగా ఉండకపోవచ్చు. ప్రైవేటు కళాశాలలలోనూ రోగులతో కిటకిటలాడేవి ఉన్నాయి, వార్డులు వెలవెలబోయేవీ ఉన్నాయి. కనుక పేరు వినక, స్వయంగా వెళ్లి చూడవలెను. ఉదయం తొమ్మిది గంటలకు ఓపీ వద్ద నిలుచుంటే వరుస ఎంత పొడవో తెలుస్తుంది. పురుళ్ల వార్డులో మంచాలు నిండి ఉన్నవో లేవో కనిపిస్తుంది. అక్కడి హౌస్ సర్జన్లను పిలిచి, ఎన్ని కాన్పులకు చేయి సాయం చేశారో, ఆచార్యులు వార్డుకు వస్తారో రారో అడగవచ్చు. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్పు ముగిసేసరికి మొత్తం ఖర్చు ఎంతో కాగితంపై వేసుకోవలెను. వైద్యుణ్ణి తయారుచేసేది భవనం కాదు, రోగి.

పట్టా పేరును బట్టి మనిషి విలువ కట్టేవారికి యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం సమాధానం. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో ఖద్దరు ధరించి ఒక ఆచార్యుని ఆగ్రహానికి గురైనందువల్ల ఆయనకు ఎం.బి.బి.ఎస్. దక్కలేదు. అంతకన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొన్నారు. ఆ పట్టాతోనే అమెరికా వెళ్లి, ప్రపంచ వైద్యశాస్త్రానికి చిరస్మరణీయమైన సేవ చేశారు. ఇక ఆడపిల్ల సంగతి అనేవారికి రూపాబాయి ఫర్దూన్‌జీ చాలును. 1880వ దశకంలోనే మన హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి, మత్తు వైద్యంలో ప్రపంచపు తొలి మహిళలలో ఒకరుగా పేరు గడించారు. నూటనలభై ఏళ్ల తరువాత మనం ఇంకా గడప వద్దనే తర్జనభర్జన పడటం న్యాయమా?

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. నీట్ ఫలితాలు వెలువడిన వారంలో ఒక రోజు కేటాయించి, వైద్యవిద్య చదువుతున్న మన పూర్వ విద్యార్థులను పిలిపించండి. కళాశాలల వరుస రాయడంలో వారు తోడ్పడగలరు. బి.సి.-ఇ రిజర్వేషన్‌కు అర్హులైన వారి ధ్రువపత్రాలు ముందే సిద్ధమయ్యేటట్లు చూడండి. దూరప్రాంతానికి వెళ్లే ఆడపిల్లలకు వసతిగృహ ఖర్చులో కొంత సాయం అందితే, ఎన్నో తల్లిదండ్రుల "వద్దు" అనే మాట "సరే" అవుతుంది.

మొన్న బక్రీదు సెలవులకు వచ్చిన ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. వార్డులో ఒక ముసలమ్మ ఉర్దూలోనే బాధ చెప్పుకొంటే, పక్క మంచంలోని రైతు తెలుగులో చెప్పుకొన్నాడట. "ఇద్దరి మాటా నాకు అర్థమైంది సార్" అన్నది. మన కళాశాల ఇచ్చిన రెండు భాషలు అక్కడ ఆమెకు మందుల వలె అక్కరకు వచ్చాయి. తండ్రిగారు పక్కనే కూర్చుండి, ఇల్లు అమ్మలేదన్న సంగతి మాటిమాటికీ గుర్తు చేసుకొంటూ నవ్వారు.

విద్యార్థులారా! రేపు మీ ముందు రెండు ద్వారాలు తెరచుకొన్ననాడు పెద్దల మాట వినండి, లెక్క వేయండి, ఆసుపత్రికి వెళ్లి చూడండి. కాని చివరి మాట మీరే చెప్పండి. తల్లిదండ్రులారా! ఆ మాట చెప్పమని మీ పిల్లలను ఒక్కసారి అడగండి.