వందే భారత్‌లో జనరల్ బోగీ ఏది?

మాది జంషెడ్‌పూర్‌లోని భాలుబాసా. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. చావుకైనా పెళ్లికైనా ఊరెళ్లాలంటే మాకు రైలే దిక్కు. చిన్నప్పటి నుంచీ నా ప్రయాణమంతా జనరల్ బోగీలో, మరుగుదొడ్డి తలుపు పక్కన పరిచిన పాత దుప్పటి మీదే.

2024 సెప్టెంబర్ 15న టాటానగర్–పాట్నా వందే భారత్‌కు ప్రధాని పచ్చజెండా ఊపారు. రైలు బాగుంది, కాదనను. కానీ అందులో ఉన్నవన్నీ ఏసీ చైర్‌కార్లే. అప్పటికప్పుడు టికెట్ కొనుక్కుని ఎక్కే కూలి మనిషికి అందులో చోటు లేదు. రైల్వే బాగుపడుతోందని మురిసిపోయేవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను: ఎవరికి?

'డబ్బున్నోడు ఏసీలో, లేనోడు జనరల్‌లో. ఇందులో కులమేముంది?' అని నా క్లాస్‌మేట్లు అంటారు. 1901లో మసూర్ స్టేషన్‌లో దిగిన పిల్లవాడు అంబేడ్కర్ దగ్గర డబ్బుంది. కులం తెలియగానే స్టేషన్ మాస్టర్ ముఖం మారింది. రెట్టింపు కిరాయి ఇస్తామన్నాక ఒక బండి దొరికింది, అదీ పిల్లలే తోలుకునే షరతు మీద. టికెట్టు మనిషిని ప్లాట్‌ఫారం దాకానే తెచ్చింది.

1938లో మన్మాడ్‌లో రైల్వే కార్మికుల సభలో ఆయన ఇంకో నిజం చెప్పారు. అంటరాని కార్మికుడు గ్యాంగ్‌మన్‌గా చేరితే గ్యాంగ్‌మన్‌గానే మిగిలిపోతాడు. పోర్టర్ పని కూడా దక్కదు, ఎందుకంటే పోర్టర్ స్టేషన్ మాస్టర్ ఇంట్లో పని చేయాలి, ఆ ఇంట్లోకి ఇతను అడుగుపెట్టకూడదు.

ఇప్పుడు ఆ స్టేషన్లు ఊడ్చేదెవరు? పని ఏజెన్సీలకు వెళ్లింది. పర్మనెంట్ పోస్టుకు రాజ్యాంగం ఇచ్చిన రిజర్వేషన్ ఏజెన్సీ కాంట్రాక్టుకు వర్తించదు. పోస్టు పోయింది, రిజర్వేషన్ పోయింది. చీపురు మాత్రం అదే కులం చేతిలో ఉంది.

2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం రైలు పట్టాలను పేరు పెట్టి ప్రస్తావించింది. అదే చట్టం, ప్రభుత్వం నోటిఫై చేసిన పరికరాలూ రక్షణ దుస్తులూ వాడితే ఆ మనిషి 'మాన్యువల్ స్కావెంజర్' కాడని ఒక సందు వదిలింది. చేతికి గ్లౌజు తొడిగితే కులవృత్తి ఉద్యోగమైపోతుందా? పట్టాల మీద ఈ పనిని గడువు పెట్టుకుని ఆపాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. బయో టాయిలెట్లు వచ్చాయి, మంచిదే. అవి మొరాయించినప్పుడు బాగుచేయడానికి వంగే నడుము ఎవరిదో కూడా లెక్క చెప్పాలి.

అందుకే మన డిమాండ్లు సూటిగా ఉండాలి. ప్రతి దూరప్రాంత రైలుకూ జనరల్ బోగీలు పెంచాలి. పారిశుధ్య పోస్టులను పర్మనెంట్ చేయాలి. ఆ కార్మికుల పిల్లలకు చీపురు కాని ఉద్యోగాలకు దారి వేయాలి. కాంట్రాక్టు కార్మికుల కులాల వివరాలు బయటపెట్టాలి.

పరిశోధన చేస్తున్న మిత్రులారా, రైలు వేగం మీద పేపర్లు చాలానే వచ్చాయి. ఈసారి స్టేషన్‌కు వెళ్లినప్పుడు ప్లాట్‌ఫారం అంచు నుంచి కిందికి చూడండి. పట్టాల మధ్య వంగి ఉన్న మనిషితో మాట్లాడండి. మీ థీసిస్ అక్కడ మొదలవుతుంది.