ఓదెలు: దాచుకోవాల్సిన పేరు కాదు

లాల్‌పేట్ కాలరీ వైపు తెలుగు ఇళ్లలో ఇప్పుడు పుట్టే మగపిల్లలకు పెడుతున్న పేర్లు నాగ్‌పూర్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా వినిపించేవే. అయితే బడి హాజరుపట్టీలో పూర్తి పేరు చదివితే మధ్యలో ఇంకో తరం పలుకుతుంది. కొమురయ్య, సమ్మయ్య, రాజేశం, ఓదెలు. మహారాష్ట్రలో పిల్లవాడి పేరు తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు రాస్తారు కాబట్టి, పిల్లలకు పెట్టడం మానేసిన పేర్లు కూడా ఇక్కడ పిల్లల పేర్లలోనే బతుకుతున్నాయి. ఆ పేర్లలో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు ఎదుర్కొనేది ఓదెలు. 'ఇదేం పేరు? దీనికి అర్థం ఏమిటి?' అని మరాఠీవాళ్లే కాదు, కోస్తా జిల్లాల నుంచి వచ్చిన తెలుగువాళ్లూ అడుగుతారు. జవాబు తెలియక తండ్రి నవ్వి ఊరుకుంటాడు. పిల్లవాడు తల దించుకుంటాడు. ఆ జవాబు ఇంట్లోనూ బడిలోనూ తెలిసి ఉండాలన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది.

ఓదెలు అన్న మాటను నిఘంటువులో వెతికితే లాభం లేదు. దాని అర్థం ఒక ఊళ్లో ఉంది. బల్లార్షా నుంచి కాజీపేట వైపు రైలెక్కితే పెద్దపల్లి దాటాక ఓదెల అనే చిన్న స్టేషను వస్తుంది. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి పెద్దపల్లి జిల్లా. ఆ ఊళ్లో మల్లికార్జున స్వామి గుడి ఉంది. జనం నోట ఆయన ఓదెల మల్లన్న. పిల్లలు కలగాలనో, పుట్టిన బిడ్డ నిలవాలనో మొక్కుకున్నవాళ్లు ఆ దేవుడి పేరు బిడ్డకు పెట్టుకునేవారు. మల్లయ్య అని పెట్టినవాళ్లు కొందరైతే, ఏ మల్లన్నో తెలిసేలా ఓదెలు అని పెట్టినవాళ్లు ఇంకొందరు. ఆడపిల్ల అయితే ఓదెమ్మ. చివరనున్న 'లు' రాములులో, ఆంజనేయులులో ఉన్నదే. దేవుడి పేరును గౌరవంగా పలకడానికి వచ్చిన 'లు' అది. 'పేరు గొప్ప, ఊరు దిబ్బ' అని మనకో సామెత ఉంది. ఓదెలు విషయంలో ఊరూ పేరూ ఒకటే.

ఇలాంటి పేరు ఇదొక్కటే కాదు. కొమురవెల్లి మల్లన్నకు మొక్కితే కొమురయ్య, ఐలోని మల్లన్నకు మొక్కితే ఐలయ్య, వేములవాడ రాజన్నకు మొక్కితే రాజయ్య లేదా రాజేశం, మేడారం సమ్మక్క సారక్కలకు మొక్కితే సమ్మయ్య, సారయ్య. యాదగిరి, శ్రీశైలం, తిరుపతి అయితే ఊరి పేరే మనిషి పేరు. ఈ పేర్లు ఒకచోట రాసుకుంటే తెలంగాణ పల్లెజనం ఏ ఏ జాతరలకు వెళ్లేవారో తెలిపే పటం తయారవుతుంది. లాల్‌పేట్ బడిలో ఒక తరగతి పిల్లల తాతల పేర్లు సేకరించినా చాలు, ఏ కుటుంబం ఏ వైపు నుంచి వచ్చిందో చాలావరకు చెప్పవచ్చు. బొగ్గు గనుల్లో పని కోసం గోదావరి దాటి వచ్చినవాళ్లు భూమి తెచ్చుకోలేదు, ఇల్లు తెచ్చుకోలేదు. పేర్లు మాత్రం వెంట తెచ్చుకున్నారు.

ఈ పేరు ఎక్కడ వినిపిస్తుంది? పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో, సింగరేణి ప్రాంతంలో, అక్కడి నుంచి కదిలివచ్చిన కుటుంబాల్లో. చెన్నూరు ఎమ్మెల్యేగా పనిచేసిన నల్లాల ఓదెలు వల్ల రాజకీయ వార్తల్లోనూ కనిపించింది. కృష్ణా గోదావరి డెల్టాలో దాదాపు తెలియదు. తెలంగాణలో కూడా ఇప్పుడు ఎక్కువగా తాతల వయసు వాళ్లకే ఉంది. 2022లో ఓదెల రైల్వే స్టేషన్ అనే సినిమా ఆహాలో వచ్చింది, 2025లో ఓదెల 2 థియేటర్లకు వచ్చింది. కాబట్టి ఈ తరం పిల్లలకు ఊరి పేరు మళ్లీ చెవిన పడింది. కానీ సినిమా పేరు విన్న పిల్లవాడికి, తన తాత పేరు కూడా అదేనని ఎవరైనా చెప్పారా?

ఆ రైలు మార్గానికీ మనకూ ఉన్న బంధం చిన్నది కాదు. కాజీపేట-బల్లార్షా మార్గం 1929లో పూర్తయ్యింది. దాంతో మద్రాసు, ఢిల్లీల మధ్య నేరుగా రైలు దారి ఏర్పడింది. అదే దారి ఓదెలను, పెద్దపల్లిని, మంచిర్యాలను, బెల్లంపల్లిని, కాగజ్‌నగర్‌ను బల్లార్షాకు కలిపింది. మన పెద్దలు పెళ్లిళ్లకూ, చావులకూ, జాతరలకూ ఊరికి వెళ్లివచ్చిన దారి అదే.

ఇక మరాఠీ ఇరుగుపొరుగుకు ఈ పేరు గురించి ఎలా చెప్పాలి? చాలా తేలిక. 'మీ ఖండోబాయే మా మల్లన్న' అంటే చాలు. జేజురిలో ఖండోబాకు పసుపు చల్లుతారు, మల్లన్న జాతరల్లోనూ పసుపు బండారే ప్రసాదం. ఖండోబా కథలో గొర్రెలు కాచే ధన్‌గర్ల ఆడపడుచు బానాయి దేవుడి భార్య. మన ఒగ్గు కథలో గొల్ల కేతమ్మ మల్లన్న భార్య. ఆ దేవుడికి మరాఠీలో మల్హారి, మార్తండ్ అనే పేర్లూ ఉన్నాయి. ఇండోర్‌ను ఏలిన హోల్కర్ వంశానికి మూలపురుషుడైన మల్హార్‌రావు పేరు అందులోంచి వచ్చిందే. మహాత్మా జ్యోతిబా ఫూలే జయంతిని ఏటా ఏప్రిల్ 11న మన బడుల్లో జరుపుతున్నాం. 1827లో పుట్టిన ఆ బిడ్డకు జోతిబా దేవుడి పేరు పెట్టారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. ఊరి దేవుడి పేరు బిడ్డకు పెట్టడం మొరటుతనం అనుకుంటే, ఫూలే పేరు కూడా అలాంటిదే కదా!

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. మల్హార్ అన్న పేరు ఇవాళ పుణె, ముంబయి చదువుకున్న ఇళ్లలో ముచ్చటగా పెట్టుకుంటున్నారు. అదే దేవుడి పేరు మల్లయ్య, ఓదెలు అయ్యేసరికి మన ఇళ్లలో సిగ్గుపడుతున్నారు. దేవుడు మారలేదు, అర్థం మారలేదు. పేరు పెట్టుకున్నవాళ్ల బతుకు మారింది. ఓదెలు అన్న పేరు గనిలో దిగినవాడికి, గొర్రెలు కాచినవాడికి, కూలికి వెళ్లినవాడికి ఉంది కాబట్టి ఆ పేరు మీద చిన్నచూపు. అంటే మనం సిగ్గుపడుతున్నది పేరును చూసి కాదు, మన పెద్దల పనిని చూసి. ఆ పని వల్లే మనం ఇక్కడ నిలబడ్డాం.

దీనికి ఎదురుగా ఒక మాట వినిపిస్తుంది. 'పేరు వింటేనే కులం, పని తెలిసిపోతాయి. పిల్లవాడికి ఆ బరువు ఎందుకు?' అని తల్లిదండ్రులు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. పుట్టే బిడ్డకు ఓదెలు అని పెట్టి తీరాలని ఎవరూ అనకూడదు. తమ బిడ్డకు ఏ పేరు పెట్టుకోవాలో ఆ ఇంటివాళ్ల ఇష్టం. నేను అడుగుతున్నది అంతకంటే చిన్న విషయం. ఇప్పటికే ఉన్న ఓదెలును చెరపకండి, వంకర చేయకండి, పిల్లల ముందు దాచకండి.

వంకర ఎలా అవుతుందో టీచర్లకు తెలుసు. తెలుగులో ఎ, ఏ వేరు. మరాఠీ లిపిలో ఏ ఒక్కటే. కాబట్టి 'దె' అక్కడ 'దే' అవుతుంది. మరాఠీ రాత పద్ధతిలో మాట చివరి ఉకారాన్ని దీర్ఘంగా రాయడం వాడుక. దాంతో ఓదెలు కాస్తా ఓదేలూ అయ్యింది. ఇంగ్లిషులో రాస్తే ద, డ రెండింటికీ 'డి' అక్షరమే దిక్కు. అక్కడి నుంచి చదివినవాడు ఓడేలు అంటాడు. ఆ పైన పిల్లలకు తోడేలు గుర్తు రావడానికి ఎంతసేపు? నవ్వు పుట్టించింది పేరు కాదు, తప్పుగా పలకడం.

తప్పు రాత నవ్వుతో ఆగదు. బడి జనరల్ రిజిస్టరులో ఒక రకంగా, ఆధార్‌లో ఒక రకంగా, తండ్రి గని పనిచీటీలో మరో రకంగా ఉంటే, అపార్ నంబరు దగ్గరే తిప్పలు మొదలవుతాయి. కుల ధ్రువీకరణ పత్రానికి తాత కాగితాలు తేవాలంటే అక్కడ ఇంకో రాత బయటపడుతుంది. అరుదైన పేరు అయితే గుమాస్తా దగ్గర ఊహించి సరిదిద్దేవాడు ఉండడు. రమేశ్ తప్పుగా రాస్తే ఎవరైనా గుర్తుపడతారు, ఓదెలు తప్పుగా రాస్తే అదే అసలు పేరు అనుకుంటారు.

మహారాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన మార్పు కూడా గుర్తుంచుకోవాలి. 2024 మే 1 నుంచి పుట్టిన పిల్లలకు సర్కారీ కాగితాల్లో బిడ్డ పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు ఈ వరుసలో రాయాలి. ఆ పిల్లలు 2030 ప్రాంతంలో ఒకటో తరగతికి వస్తారు. అప్పుడు ఒక్కో దరఖాస్తులో మూడు తెలుగు పేర్లు, ఒక తెలుగు ఇంటిపేరు మరాఠీ లిపిలోకి ఎక్కించాలి. తప్పు దొర్లే చోట్లు పెరుగుతాయి. ఇప్పటి నుంచే అలవాటు చేసుకోవడం మంచిది.

చేయాల్సింది ఖర్చు లేని పని. అడ్మిషన్ రోజున తల్లిదండ్రుల చేత పేర్లు ముందు తెలుగులో రాయించుకోండి. రాయడం రానివాళ్ల దగ్గర రెండుసార్లు పలికించుకుని మీరే రాయండి. ఆ తెలుగు రాతను చూసి మరాఠీలో, ఇంగ్లిషులో ఎలా రాయాలో తేల్చి, ఆధార్‌తో సరిచూసి, అన్ని కాగితాల్లో అదే ఉంచమని చెప్పండి. 'ఈ పేరు బాగాలేదు, మంచిది పెట్టుకోండి' అన్న సలహా మాత్రం టీచరు నోట రాకూడదు. ఆ ఒక్క మాటతో బడికి వచ్చిన మొదటి రోజే బిడ్డకు తన ఇల్లు తక్కువదని నేర్పినవాళ్లమవుతాం.

తల్లిదండ్రులు చేయాల్సిందీ ఉంది. తాత పేరు ఎవరు పెట్టారు, ఏ మొక్కుకు పెట్టారు, ఏ జాతరలో పుట్టు వెంట్రుకలు తీయించారు, ఇవన్నీ పిల్లలకు చెప్పండి. తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకోండి. రాజ్యాంగం 29వ అధికరణం భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కు మనకు ఇచ్చింది. భాషా మైనారిటీ బడులు నిలబడింది ఆ ధైర్యంతోనే. అ ఆలు నేర్పి, తాత పేరు సరిగా పలకడం నేర్పకపోతే ఆ హక్కును సగమే వాడుకున్నట్లు. హాజరు పిలిచేటప్పుడు ఓదెలు అన్న పేరు స్పష్టంగా, తడబాటు లేకుండా వినిపిస్తే, ఆ పిల్లవాడు కూడా అంతే స్పష్టంగా పలుకుతాడు.